పుకారు పుట్టేదెక్కడ, పెరిగేదెక్కడ?

మాస్టారు: 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. రెండు రోజులు తిరక్కుండానే కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందన్న కబురు దేశమంతా పాకింది. నోటును 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగట్టేస్తుందట. ఫోన్లలో తిరిగినంతసేపూ అది నవ్వి ఊరుకునే ముచ్చటే. కొన్ని జాతీయ హిందీ ఛానెళ్లు దానికి గ్రాఫిక్స్ తొడిగి, యాంకర్ల చేత వివరణ ఇప్పించాయి. దాంతో ముచ్చట కాస్తా వార్తయి కూర్చుంది. రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన భద్రతా లక్షణాల జాబితాలో చిప్ ఊసే లేదు. ఆ కాగితం తిరగేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పని ఎవరు చేయాలి? జీతం తీసుకునే విలేకరా, ఏటీఎం ముందు క్యూలో నిలబడ్డ మనిషా?

సబ్ ఎడిటర్: విలేకరే చేయాలి. అక్కడ నేను వాదించను. కానీ మాస్టారూ, ఛానెల్ ఎక్కకముందే దేశమంతా పాకిందని మీ నోటితో మీరే అన్నారు. పుట్టించింది మేం కాదు, మోసింది మేం. మేం మోయకపోతే ఆగేదా? తొంభైల్లో దయ్యం వస్తుందన్న భయంతో తెలుగు ఊళ్లలో ఇంటింటి తలుపు మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. అప్పటికి 24 గంటల తెలుగు వార్తా ఛానెల్ ఒక్కటి కూడా లేదు. సెల్‌ఫోన్ సంగతి సరేసరి. అదే దయ్యాన్ని కన్నడ ఊళ్లలో ‘నాళె బా’ (రేపు రా) అని రాసి వాయిదా వేశారు. ఏ బ్రేకింగ్ న్యూసూ లేకుండానే ఆ దయ్యం రాష్ట్రాల సరిహద్దు దాటేసింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1979 జులైలో స్కైలాబ్. 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం కూలిపోతోందని రేడియో చెప్పింది, పత్రికలు రాశాయి. ఎక్కడ పడుతుందో నాసా కూడా కచ్చితంగా చెప్పలేకపోతోందనీ రాశాయి. అందులో ఒక్క అబద్ధం లేదు. ఇక చావు తప్పదనుకుని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టేశారని మన పల్లెల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2021లో ఆ పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. ముక్కలు పడింది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో. వార్త నిజమే. దాని మీద ప్రళయాన్ని కట్టుకున్నది జనం.

మాస్టారు: ఒక్క అబద్ధం లేకపోవడం వేరు, మొత్తం నిజం చెప్పడం వేరు. స్కైలాబ్ శకలం భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటని నాసా లెక్క. అదే లెక్క ప్రకారం, ఫలానా ఒక మనిషికి తగిలే అవకాశం 60 వేల కోట్లలో ఒకటి. రెండూ నిజాలే. మొదటిది గుండె దడ పుట్టిస్తుంది, రెండోది నిద్ర పట్టిస్తుంది. ఈ రెంటిలో ఏది శీర్షిక అవుతుందో మీ డెస్క్ మీద కూర్చున్నవాళ్లకు వేరే చెప్పాలా?

సబ్ ఎడిటర్: మొదటిదే అవుతుంది. పాఠకుడు చదివేది కూడా మొదటిదే. భయానికి గిరాకీ మేం కనిపెట్టింది కాదండీ. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత జనం నోళ్లలో తిరిగిన పుకార్లను జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సేకరించి, మరుసటి ఏడాది ప్రచురించాడు. భూమి బాగా కంపించినా ఇళ్లు కూలని చోట్ల పుట్టిన పుకార్లు అవి. అక్కడి జనానికి ఊరట కలిగించే మాటలు నచ్చాలి కదా? కానీ పుకార్లలో చాలామటుకు అంతకంటే పెద్ద గండం ముంచుకొస్తోందనే చెప్పాయి. తుఫాను వస్తుందని, ఫలానా రోజు ప్రళయమని.

ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆ వ్యాసం ఓ చిక్కు ప్రశ్నలా కనిపించింది. ఆయన చెప్పిన సమాధానం ఇది: ఆ జనం అప్పటికే భయపడిపోయి ఉన్నారు, కానీ చుట్టూ చూస్తే ఆ భయానికి తగిన నష్టం కనబడలేదు. భయపడటానికి ఒక కారణం కావాలి. పుకారు ఆ కారణాన్ని సమకూర్చింది. 1957లో ఆయన పేరు మోగేలా చేసిన సిద్ధాంతానికి అదొక బీజం. అంటే పుకారు భయాన్ని పుట్టించలేదు, భయమే పుకారును పిలిపించుకుంది. ఆ బిహార్ పల్లెలకు ఏ ఛానెల్ వెళ్లింది?

మాస్టారు: గొప్ప ఉదాహరణే. కాకపోతే ఆ పుకార్లకు ఒక హద్దు ఉంది చూశారా? నోటి మాట నడవగలిగినంత దూరమే నడిచాయి. పట్నాలో పుట్టిన ప్రళయం రాజమండ్రిలో ఎవరి నిద్రా చెడగొట్టలేదు. బీజం జనానిదే కావచ్చు, విస్తీర్ణం మీది. ఇంకో సంగతి. ఏ మాటైనా పదే పదే వింటే నిజమనిపిస్తుంది. ఇదేదో సామెత కాదు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే ముగ్గురు పరిశోధకులు కొన్ని వాక్యాలను కొన్ని వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వినిపించి చూశారు. విన్న ప్రతిసారీ వాటి మీద నమ్మకం పెరిగింది, అవి నిజమైనా అబద్ధమైనా. మరి రోజుకు 24 గంటలు ఒకే దృశ్యాన్ని తిప్పి తిప్పి వేసే యంత్రం ఎవరి చేతిలో ఉంది?

కృష్ణపట్నమే తీసుకోండి. 2021 మే, కరోనా రెండో అల. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఆనందయ్య అనే మనిషి కరోనాకు పంచిన నాటుమందు. కళ్లలో చుక్కలు వేయించుకున్న ఒక రోగి, ఊపిరి తేలికైందని మాట్లాడిన వీడియో ప్రతి తెర మీదా ఆడింది. మే 21న వేలమంది ఆ ఊరి మీద పడ్డారు, అదీ కర్ఫ్యూ రోజుల్లో. వీడియోలో మాట్లాడిన మనిషి కొద్ది రోజులకే ఆసుపత్రిలో చనిపోయారు. మొదటి వీడియో చూసినన్ని కళ్లు ఆ చావు వార్త చూశాయా? మే 31న ప్రభుత్వం, చుక్కల మందును పక్కనపెట్టి, మిగతావాటికి అనుమతి ఇచ్చింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక ఆధారంగా హాని లేదని చెప్పింది. కరోనాను తగ్గిస్తుందనడానికి రుజువు లేదని కూడా చెప్పింది. తెర కింద పరుగెత్తిన అక్షరాల్లో మిగిలింది మాత్రం ‘ఆనందయ్య మందుకు గ్రీన్ సిగ్నల్’. హాని చేయకపోవడానికీ, నయం చేయడానికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క ముక్కలో మాయమైపోయింది.

సబ్ ఎడిటర్: ఆ దూరాన్ని మేం చెరిపేశాం, కాదనను. అయితే మే 21కి పదకొండు రోజుల ముందు ఏం జరిగిందో కూడా చెప్పండి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. పడక లేదు, రెమ్‌డెసివిర్ దొరకదు, దొరికితే బ్లాకులో. ఇంట్లో తండ్రికి ఆక్సిజన్ 80కి పడిపోయిన కొడుక్కి మీరు వెళ్లి రుజువుల గురించి పాఠం చెప్పగలరా? సైన్సు మీద నమ్మకం లేక వాళ్లు కృష్ణపట్నం వెళ్లలేదు. వెళ్లడానికి ఇంకో చోటు లేక వెళ్లారు. ఆ చోటు ఖాళీగా ఉన్నంతకాలం ఏదో ఒక మందు వచ్చి కూర్చుంటుంది, కెమెరా ఉన్నా లేకపోయినా.

సబ్ ఎడిటర్ అన్న ఈ మాటలో బలం ఉంది. మీడియాను తిట్టిపోసే వ్యాసాల్లో చాలామటుకు ఈ ఖాళీ గురించి మాట్లాడవు. నమ్మినవాణ్ని అమాయకుడని జాలిపడటమో, మూర్ఖుడని నవ్వడమో చేసి ఊరుకుంటాయి. మాస్టారు ఆ రెండూ చేయలేదు.

మాస్టారు: ఆ కొడుకు మీద నాకు ఫిర్యాదు లేదు. అతను గత్యంతరం లేక నమ్మాడు. మీకు గత్యంతరం ఉంది కదా. అతని నిస్సహాయత మీకు సరుకు అయింది. చూసే కళ్ల లెక్క కోసం కాదా ఇదంతా? శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం తగిలిస్తే చాలు, ఏమైనా వేసేయవచ్చు. ‘2012తో యుగాంతం?’ అని నెలల తరబడి నడిపారు. డిసెంబర్ 21 వచ్చింది, పోయింది. మర్నాడు ఎవరైనా తెర మీదికొచ్చి, ఇన్నాళ్లూ మిమ్మల్ని భయపెట్టాం, క్షమించండి అన్నారా?

సబ్ ఎడిటర్: అనలేదు. ఆ ప్రశ్నార్థకం సంగతి మా డెస్కుల్లో అందరికీ తెలుసు. వార్త వేయాలి, బాధ్యత మాత్రం వద్దు అనుకున్నప్పుడు పెట్టే గుర్తు అది. ఇంకో గుట్టు కూడా చెబుతాను. మండలాల్లో వార్తలు పంపే స్ట్రింగర్లలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయినదాన్ని బట్టి కొంత డబ్బు, లేదంటే ఊళ్లో కాస్త పలుకుబడి, అంతే. ‘మా ఊరి వేపచెట్టుకు పాలు కారుతున్నాయి’ అన్న వార్త ఫొటోతో పాటు అచ్చవుతుంది. ‘అది చెట్టుకు పట్టిన తెగులు’ అన్న వార్తకు చోటు దొరకదు. నిజం రాయడం అతనికి నష్టం. దీన్ని నేను సమర్థించను, ఇలా ఉందని చెబుతున్నానంతే.

కానీ మీ వాదనకు మూలస్తంభం లాంటి కథ ఒకటుంది, అది మాత్రం నన్ను పడగొట్టనివ్వండి. 1938 అక్టోబర్ 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ రేడియో నాటకం వేశాడు. అంగారక గ్రహవాసులు దండెత్తి వచ్చారన్న కథను వార్తల ధోరణిలో చెప్పాడు. లక్షల జనం నిజమని నమ్మి వీధుల్లోకి పరుగెత్తారని పుస్తకాలన్నీ చెబుతాయి. జర్నలిజం క్లాసులో మొదటి పాఠాల్లో ఇదొకటి. మరి ఆ రాత్రి సి.ఇ. హూపర్ సంస్థ 5,000 ఇళ్లకు ఫోన్లు చేసి ఏం వింటున్నారని అడిగితే, ఈ నాటకం వింటున్నామన్నవాళ్లు 2 శాతం. విననివాళ్లు వీధుల్లోకి ఎలా పరుగెత్తారు? కొందరు కంగారుపడ్డమాట నిజం. దేశం దేశం అట్టుడికిపోయిందన్నది కల్పన. మీడియా జనాన్ని ఆడిస్తుందన్న నమ్మకానికి ఆధారంగా చూపే కథే ఒక అపోహ.

మాస్టారు: చాలా సంతోషం. ఇప్పుడు చెప్పండి, ఆ కల్పనను ప్రచారం చేసింది ఎవరు?

సబ్ ఎడిటర్: ...

మాస్టారు: మర్నాటి దినపత్రికలు. రేడియో వచ్చి తమ ప్రకటనల ఆదాయాన్ని కొల్లగొడుతోందన్న కడుపుమంట వాటికి. రేడియోను నమ్మడానికి వీల్లేదని చూపించే అవకాశం దొరికింది, మొదటి పేజీలో పరిచేశాయి. నా వాదన పడగొట్టడానికి తెచ్చిన కథ నా వైపే సాక్ష్యం చెబుతోంది.

సబ్ ఎడిటర్: సగమే చెబుతోంది. పత్రికలు పరిచాయి సరే, దాన్ని ఎనభై ఏళ్లు మోసినవాళ్లెవరు? ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ హాడ్లీ కాంట్రిల్ 1940లో దాని మీద పుస్తకమే రాశాడు. పాఠ్యపుస్తకాలు ఎక్కించాయి. చదువుకున్నవాళ్లు మోసే అపోహలు మరీ గట్టివి మాస్టారూ. మీ పాలకూర కథ గుర్తుందా?

మాస్టారు: గుర్తుంది. చెప్పేయండి.

సబ్ ఎడిటర్: పాలకూరలో ఇనుము దండిగా ఉంటుందన్నది జనం నమ్మకం. వంద గ్రాముల్లో ఉండేది సుమారు 3 మిల్లీగ్రాములు. అందులోనూ ఒంటికి పట్టేది కొద్దిగానే. సరే, ఈ నమ్మకం ఎలా వచ్చిందంటే, పూర్వం ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టాడని, దాంతో అంకె పదింతలైందని సైన్సు ప్రచారకులు చెప్పేవారు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హాంబ్లిన్ అనే వైద్యుడు రాసిన వ్యాసంతో అది ఊపందుకుంది. ఆ వ్యాసం పేరులోనే మోసాలను ఎండగట్టే ఉద్దేశం ఉంది. 2010లో మైక్ సట్టన్ అనే పరిశోధకుడు పాత కాగితాలన్నీ తవ్వి చూస్తే, ఆ దశాంశ బిందువు పొరపాటుకు ఆధారమే దొరకలేదు. అపోహను ఖండించడానికి వాడిన కథే అపోహ. దాన్ని మోసింది టీవీ ఛానెళ్లు కాదు, వైద్య పత్రికలు, పాఠాలు చెప్పేవాళ్లు.

మాస్టారు: ఒప్పుకోక తప్పదు. చక్కగా మలిచిన కథ కనబడితే సైన్సువాళ్లం కూడా మూలం వెతకం. అపోహ అంటే చదువురానివాళ్ల జబ్బని మాలో చాలామంది అనుకోవడం తప్పే. అయినా నా ప్రశ్న నిలిచే ఉంది. మనుషులు ఎప్పుడూ మనుషులే, వాళ్ల బలహీనతలూ అవే. మరి మాధ్యమం మారినప్పుడు ఫలితం మారుతోంది కదా? 2018నే చూడండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియో ఒకటి ఊరూరా పాకింది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన అవగాహన చిత్రం. ఎత్తుకెళ్లిన పిల్లవాణ్ని చివర్లో తిరిగి అప్పగించే భాగం కోసేసి పంపారు. ఆ మేలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. దేశవ్యాప్తంగా ఇలాంటి చావులు వరుసగా జరిగాక, జులైలో వాట్సాప్ ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా మార్చింది. అలాంటి సందేశాల తిరుగుడు 70 శాతం తగ్గిందని ఆ సంస్థే చెప్పుకుంది. జనం మారలేదు, భయాలు మారలేదు. గొట్టం సన్నబడింది, ప్రవాహం తగ్గింది.

సబ్ ఎడిటర్: తగ్గింది తిరుగుడు. అందులో నిజమెంత, అబద్ధమెంత? ఆ మీటరుకు తేడా తెలియదు. రక్తం కావాలన్న సందేశమూ దానికి ఒకటే, పిల్లల దొంగల సందేశమూ ఒకటే. 2018 మార్చిలో సైన్స్ పత్రికలో ఎం.ఐ.టి. పరిశోధకుల అధ్యయనం వచ్చింది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని మళ్లీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. బాట్ ఖాతాలను లెక్కలోంచి తీసేసి చూసినా అంతే. అంటే యంత్రాల పని కాదు, మనుషుల వేళ్లు. అబద్ధంలో కొత్తదనం ఉంటుంది, విన్నవాడు నోరెళ్లబెడతాడు. ఆ నోరెళ్లబెట్టించే సరదా రచ్చబండంత పాతది.

మీరు 2018 గురించి చెప్పారు కాబట్టి, జోగులాంబ గద్వాల జిల్లా సంగతీ చెప్పుకోవాలి. అప్పుడు అక్కడ ఎస్పీ రెమా రాజేశ్వరి. జనం రాత్రిళ్లు ఆరుబయట పడుకోవడం మానేశారని బీటు కానిస్టేబుళ్లు చెబితే ఆరా తీశారు, ఫోన్లలో ఈ వీడియోలు బయటపడ్డాయి. ఆమె పత్రికా ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. కానిస్టేబుళ్లకు ఊళ్లు పంచి ఇచ్చారు, డప్పు పట్టించి పాటలు పాడించారు, ఇంటింటికీ తిరిగించారు. చుట్టుపక్కల మూకదాడులు జరుగుతుంటే ఆ జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. గొట్టం సన్నబడకముందే జరిగింది ఇది. ఊళ్లోవాళ్లు ఫోన్‌లో చూసినదానికంటే తెలిసిన మనిషి వచ్చి చెప్పినదాన్ని నమ్మారు. కాబట్టి అసలు ప్రశ్న మీడియా కాదు, ఎవరి మాట మీద ఎవరికి నమ్మకం ఉందన్నది.

మాస్టారు: ఆ కానిస్టేబుల్ చేసిన పని పేరేమిటి? ఊరికి వెళ్లి, కనుక్కుని, నిజం చెప్పడం. దాన్నే ఒకప్పుడు విలేకరి పని అనేవారు. ఆ నమ్మకం మీకు ఉండేది. దాన్ని పోగొట్టుకుని, ఇప్పుడు జనానికి మా మీద నమ్మకం లేదు కాబట్టి మా బాధ్యతా లేదంటే ఎలా?

సబ్ ఎడిటర్: బాధ్యత లేదనడం లేదు. ఒక్కటే కారణం చూపించకండి అంటున్నాను. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా అన్నారు. మేం కాదు కాదని మొత్తుకున్నాం. 28న హైదరాబాదులో చికెన్ మేళా పెట్టి, కేటీఆర్‌తో సహా మంత్రులు వేదిక మీదే కోడి ముక్కలు తింటుంటే ప్రతి ఛానెలూ చూపించింది. అయినా మార్చిలో ధర కోలుకోలేదు, కోళ్ల రైతు నిండా మునిగాడు. మేం ఆడించినట్టు జనం ఆడేవాళ్లయితే, ఆ రోజు ఎందుకు ఆడలేదు?

మాస్టారు: భయపెట్టడం ఒక పూట పని. ధైర్యం చెప్పడం ఏళ్ల పని. మీరు రెంటికీ ఒకే నిడివి ఇస్తారు. ఇరుపక్షాల వాదనా వినిపించాం అంటారు. అదే నాకు అన్నిటికంటే పెద్ద అభ్యంతరం. 1998 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం వ్యాసం వచ్చింది. 12 మంది పిల్లల మీద పరిశీలన. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం. సంబంధాన్ని తాము రుజువు చేయలేదని ఆ వ్యాసంలోనే రాసుకున్నారు. అయినా విలేకరుల సమావేశంలో వేక్‌ఫీల్డ్ ఆ టీకా మీద అనుమానం లేవనెత్తాడు. బ్రిటన్ మీడియా ఏళ్ల తరబడి ఒక పక్కన అతన్ని, ఒక పక్కన మిగతా వైద్యలోకాన్ని కూర్చోబెట్టింది. చూసేవాడికి త్రాసు సమానంగా కనబడింది. ఇంగ్లండ్‌లో రెండేళ్ల పిల్లల్లో టీకా వేయించుకున్నవాళ్లు 2003 నాటికి 80 శాతానికి పడిపోయారు.

సబ్ ఎడిటర్: ఆ వేక్‌ఫీల్డ్ బండారం బయటపెట్టింది ఎవరో మీకు తెలియదా? వైద్య మండలి కాదు, లాన్సెట్ కాదు. బ్రయన్ డీర్ అనే విలేకరి, సండే టైమ్స్‌లో, 2004 ఫిబ్రవరిలో. టీకా కంపెనీల మీద దావా వేయాలనుకున్న లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్‌కు డబ్బు ముట్టిందని తవ్వి తీశాడు. అక్కడి నుంచి లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది, 2010 ఫిబ్రవరి దాకా. ఆ ఆరేళ్లూ అది శాస్త్రీయ పత్రికలో శాస్త్రీయ వ్యాసంగానే నిలబడి ఉంది. మీ సైన్సు కన్నా మా విలేకరే ముందున్నాడు.

మాస్టారు: ముందున్నాడు, ఆయనకు దండం పెడతాను. కానీ అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి. వేల్స్‌లో స్వాన్సీ అనే ఊరుంది. అక్కడి స్థానిక పత్రిక 1997 నుంచే ఎంఎంఆర్ మీద అనుమానాలు రేపుతూ వరస కథనాలు వేసింది. 2012 నవంబర్‌లో ఆ ప్రాంతంలో తట్టు మొదలై 2013 జులై దాకా సాగింది. 1,200 మందికి పైగా కేసులు నమోదయ్యాయి, ఒకరు చనిపోయారు. ఎక్కువగా జబ్బుపడింది పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. ఆ భయం నడిచిన ఏళ్లలో వాళ్లు టీకా వేయించాల్సిన వయసులో ఉన్న పసిపిల్లలు.